సంపులో సాగు

ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్ల ఖర్చుల పద్దు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఒక వరసలో నాచును చంపడానికి కొన్న సరుకు: ఫాస్ఫేట్ పీల్చే గుళికలు, నాచు మేసే నత్తలు, అద్దం గీకే బ్లేడు, సీసాల్లో మందులు. ఆ కింది వరసలోనే నాచును పెంచడానికి కొన్న సరుకు: గులాబీరంగు లైటు, దానికో టైమరు, పిడికెడు ఆకుపచ్చ పీచు, ఆ పీచు వాడిపోతుంటే పోయడానికి ఇంకో సీసా. రెండు ఖర్చులూ ఒకే నీటి కోసం. పిచ్చి అనిపిస్తుంది గానీ కాదు. ముందు అద్దం మీద మొలిచే నాచు మన చెప్పుచేతల్లో ఉండదు. వెనక తొట్టిలో పెరిగేది ఉంటుంది, కోసి పారేయొచ్చు. నీటిలో ఉన్న ఎరువంతా రెండోది తినేస్తే మొదటిదానికి మిగలదన్నది లెక్క. లెక్క సరైనదే. బెడిసేదెక్కడంటే, చాలామంది ఆ రెండోదాన్ని ఫిల్టరనుకుని కొంటారు. అది ఫిల్టరు కాదు, పైరు. ఫిల్టరు స్విచ్చి వేసి మరిచిపోయినా నడుస్తుంది. పైరుకు తిండి పెట్టాలి, కోత కోయాలి, మధ్యలో ఎండుతోందా లేదా చూస్తుండాలి.

ఆ పైరు మాక్రోఆల్గే, అంటే చేత్తో పట్టుకోగలిగినంత పెద్ద సముద్రపు నాచులు. ఆకులూ కాడలూ వేళ్లూ ఉన్నట్టే కనిపిస్తాయి గానీ లోపల మొక్కకుండే నాళాలేవీ ఉండవు. అడుగునుండే వేళ్లలాంటిది చాలావాటిలో రాతిని పట్టుకోవడానికే. తిండి ఒళ్లంతా పీల్చుకుంటాయి. కౌలెర్పా జాతి మాత్రం ఇసుకలోకి దింపిన నూగుతో కింది నుంచి కూడా కొంత లాగుతుంది. అందుకని కుండీల దగ్గర నేర్చిన తెలివి ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఏం కావాలన్నా అది నీటిలో కరిగి ఉండాలి, ఆ నీరు నాచు ఒంటికి తగలాలి. ఇళ్లలో ఎక్కువగా పెంచేది కీటోమార్ఫా. పాత్రలు తోమే పచ్చ పీచులా ఉంటుంది, దేనికీ అంటుకోదు, ముద్దగా తేలుతుంది. పెంచేవాళ్లు కీటో అని ముద్దుపేరు పెట్టుకున్నారు. డైటుతో సంబంధం లేదు, ఇది రోజంతా తయారుచేసేది పిండిపదార్థమే.

దీన్ని ఉంచే చోటు సంపు. ట్యాంకు కింద బీరువాలో ఉండే రెండో తొట్టి అది. మున్సిపాలిటీ నీళ్లు పట్టుకునే సంపు కాదు గానీ, నీరు కిందికి దిగడం, మోటారు మళ్లీ పైకెక్కించడం అక్కడా ఇక్కడా ఒకటే. అందులో నాచుకు కేటాయించిన అరను రెఫ్యూజియం అంటారు. చేపల నోటికి అందని శరణాలయం కనక ఆ పేరు. నాచు మధ్య చిన్నచిన్న పురుగులు, కోపిపాడ్‌లు, పిల్లాపాపలతో స్థిరపడి, పంపు ఎక్కి పైకి వెళ్లి పగడాలకీ చేపలకీ ఆహారమవుతుంటాయి. వాటికిది శరణాలయమో దొడ్డో చెప్పడం కష్టం.

ఈ ఆలోచన కొత్తది కాదు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త పగడపు దిబ్బల మీద పనిచేస్తూ, దిబ్బను శుభ్రంగా ఉంచేది ఫిల్టర్లు కాదు, దాని మీద పరుచుకున్న పొట్టి నాచే కదా, ట్యాంకులో మాత్రం అదెందుకు ఉండకూడదని అడిగాడు. 1980 ప్రాంతంలో అక్కడి సహజ చరిత్ర మ్యూజియంలో బతికున్న పగడపు దిబ్బ నమూనా నెలకొల్పి, నీటిని వెలుగు కింద పెరిగే నాచు తెరల మీదుగా పంపాడు. 1982లో ఆ పద్ధతికి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆయన పద్ధతిలో మూడు విషయాల మీద రాజీ లేదు: బలమైన వెలుగు, అలలా వచ్చిపోయే నీరు, క్రమం తప్పకుండా తెరను గీకి నాచును బయటికి తీసేయడం. తర్వాత ఈ ఆలోచన అంగళ్లకు దిగినప్పుడు మొదటి రెండూ డబ్బాలో ఇమిడాయి. మూడోది ఇమడలేదు, కొన్నవాడికే మిగిలింది.

ఆ మూడోది ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చూద్దాం. తడిగా తూచిన 100 గ్రాముల కీటోలో సుమారు 90 గ్రాములు నీరే అనుకోండి. మిగిలిన 10 గ్రాముల ఎండు సరుకులో నత్రజని 3 శాతం అనుకుంటే 0.3 గ్రాములు. నైట్రేట్‌గా లెక్కిస్తే అది దాదాపు 1.3 గ్రాములు. 200 లీటర్ల ట్యాంకులో ఇది 6 నుంచి 7 పీపీఎం నైట్రేట్‌కు సమానం. ఒక్క పిడికెడు పీచు కోసి పారేస్తే అంత నైట్రేట్ ఇల్లు దాటుతుంది. కోయకపోతే ఒక్క మిల్లీగ్రాము కూడా దాటదు. నీటిలో ఉన్న నత్రజని నాచులోకి మారింది, అంతే. ముద్ద పెరిగి పెరిగి, లోపలి పోచలకు వెలుగు అందక కుళ్లితే, తీసుకున్నదంతా వడ్డీతో సహా కాకపోయినా అసలుకు అసలు తిరిగి నీటిలో కలుపుతుంది. సంపు నిండా నాచు కిక్కిరిసి ఉందని మురిసిపోయే ఇళ్లలో నైట్రేట్ తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఇక తిండి సంగతి. ఈ పంట ఎక్కువగా చచ్చేది ఆకలితోనే. విచిత్రమేమిటంటే ఆ ఆకలిని యజమాని శ్రద్ధగా, ఖర్చు పెట్టి మరీ ఏర్పాటు చేస్తాడు. పగడాలు పెంచే రీఫ్ ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దగ్గరగా ఉండాలని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఆ పాత నమ్మకంతోనే ఇంకా కొందరు నురుగుతో మురికి తీసే స్కిమ్మరు పెడతారు, ఫాస్ఫేట్ పీల్చే ఇనుప గుళికలు పెడతారు, బ్యాక్టీరియాకు మేతగా కార్బన్ కూడా పోస్తారు. ఆ కార్బన్ కోసం వోడ్కా పోయడం ఈ రంగంలో నిజంగానే ఒక పద్ధతి. ట్యాంకులో బ్యాక్టీరియా తాగితే దాన్ని ఫిల్ట్రేషన్ అంటారు. ఇన్ని యంత్రాలు మేసేశాక మిగిలిన ఎంగిలి కోసం సంపులో ఒక కీటో ముద్ద వేసి, పెరగడం లేదేమని అడుగుతారు. దానికి తెలుపు తిరుగుతుంది, పోచలు పెళుసవుతాయి, రెండు వారాల్లో నీళ్లలో కరిగిపోతుంది. అప్పుడు, ఈ రకం మంచిది కాదని ఇంకో రకం తెస్తారు.

నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే చాలా రకాల నాచులు హాయిగా పెరుగుతాయి, పగడాలకూ ఇబ్బంది ఉండదు. పూర్తిగా సున్నా చేస్తే నాచు పోవడమే కాదు, ఆ ఖాళీలోకి డైనోఫ్లాజెల్లేట్లనే గోధుమరంగు జిగురు వచ్చి కూర్చోవడం చాలామందికి అనుభవమే. దాన్ని వదిలించుకోవడంతో పోలిస్తే మామూలు పాచి ఎంతో మర్యాదస్తురాలు.

ఇక్కడ టెస్ట్ కిట్ చేసే ఒక మోసం తెలిసి ఉండాలి. కిట్ చూపేది నీటిలో మిగిలినదాన్ని, వచ్చినదాన్ని కాదు. చేపలకు రోజూ పుష్కలంగా మేత పడుతూ, నాచు రోజూ దాన్ని ఖాళీ చేస్తుంటే రీడింగు సున్నాయే వస్తుంది, పంట మాత్రం ఏపుగా ఉంటుంది. చేపలు రెండే ఉండి, మేత చిటికెడే పడుతున్నా రీడింగు సున్నాయే, పంట మాత్రం పాలిపోతుంది. పైగా నాచులకు నైట్రేట్ కన్నా అమ్మోనియా రూపంలో నత్రజని అంటే ఎక్కువ ఇష్టం. చేప విసర్జించగానే అందుకుంటాయి, కిట్ దాకా రానివ్వవు. అందుకని అంకెను ఒంటరిగా నమ్మకూడదు. నాచు రంగు పక్కన పెట్టి చదవాలి.

అంకెల్లో ఇంకో చిక్కుంది. సముద్రంలో తేలే ప్లాంక్టన్‌లో కార్బన్, నత్రజని, భాస్వరం దాదాపు 106:16:1 పరమాణువుల నిష్పత్తిలో ఉంటాయని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1930లలో మొదలుపెట్టిన పనితో తేలింది. అక్వేరియంవాళ్లు ఆ అంకెల్ని తాయెత్తులా కట్టుకున్నారు. కానీ అది ప్లాంక్టన్ సంగతి. రాళ్లను పట్టుకుని పెరిగే పెద్ద నాచులూ సముద్రపు గడ్డీ కలిపి చూసి, అట్కిన్సన్, స్మిత్ అనే ఇద్దరు 1983లో ఇచ్చిన మధ్యస్థ నిష్పత్తి 550:30:1. అంటే ఒక వంతు భాస్వరానికి ఇవి 30 వంతుల నత్రజని తింటాయి. టెస్ట్ కిట్ భాషలో చెప్పాలంటే ఒక పాలు ఫాస్ఫేట్ దిగడానికి దాదాపు 20 పాళ్ల నైట్రేట్ ఖర్చవుతుంది.

దీని ఫలితం చాలా ట్యాంకుల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నైట్రేట్ సున్నాకు పడిపోయి ఉంటుంది, ఫాస్ఫేట్ 0.2 దగ్గర కదలకుండా కూర్చుని ఉంటుంది, నాచు ఎదుగుదల ఆగి ఉంటుంది. ఏ ఎరువు అన్నిటికన్నా తక్కువైతే దిగుబడిని అదే కట్టేస్తుందన్నది వ్యవసాయ శాస్త్రంలో లీబిగ్ పేరు మీద చెలామణీ అయ్యే సూత్రం. భాస్వరం ఎంత మిగులున్నా నత్రజని లేకపోతే అది అక్కరకు రాదు. అప్పుడు చేయాల్సింది ఫాస్ఫేట్ గుళికలు కొనడం కాదు, నైట్రేట్ వేయడం. నైట్రేట్ తగ్గించడానికి పెట్టిన ట్యాంకులో నైట్రేట్ వేయమంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. వేశాక నాచు మళ్లీ కదిలి, తనతోపాటు ఆ ఫాస్ఫేట్‌నూ దించుతుంటే వణుకు తగ్గుతుంది.

వేసేది పొటాషియం నైట్రేట్. మన రైతులు మిరపకో టమాటాకో డ్రిప్పులో పంపే 13-0-45 సంచీలో ఉండేది ఇదే రసాయనం. అలాగని ఎరువుల కొట్టు నుంచి తెచ్చి పోయకండి. పైరు సహించే కల్తీ లోహాల్ని రొయ్యలూ నత్తలూ సహించవు. ల్యాబ్ గ్రేడ్ సరుకు తీసుకోండి. 200 లీటర్ల నీటిలో నైట్రేట్ 1 పీపీఎం పెరగడానికి మూడోవంతు గ్రాము సరిపోతుంది. రోజుకు ఒక పీపీఎం మించి పెంచకుండా, రెండు మూడు రోజులకోసారి కొలుస్తూ పోతే చాలు. సీసాలో కలిపి అమ్మే నాచు ఎరువుల్లోనూ చాలామటుకు ఉండేది ఇదే, కాస్త ఇనుమూ మాంగనీసూ తోడుగా.

ఆ ఇనుము మాత్రం నిజంగా కావాలి. పత్రహరితం తయారీలో ఇనుము లేకుండా పని జరగదు, సముద్రపు నీటిలో అది కరిగి నిలిచేది అతి కొద్దిగా. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సరిగ్గా ఉండి, వెలుగూ బాగుండి, కొత్త పోచలు నిమ్మపండు ఛాయలో వస్తుంటే ఇనుము మీద అనుమానపడొచ్చు. ఉప్పునీరు వారానికి పదోవంతు మార్చేవాళ్లకు చాలావరకు ఆ నీటితోనే అందుతుంది. విడిగా వేసేవాళ్లు సీసా మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టడం మంచిది. ఇంట్లో వాడే కిట్లు ఇనుమును నమ్మకంగా కొలవలేవు. కొలవలేనిదాన్ని ఉదారంగా పోయడం ఈ హాబీలో పాత జబ్బు.

వెలుగు దగ్గర తగాదాలు ఎక్కువ, విషయం తక్కువ. పత్రహరితం బాగా పట్టేది నీలం, ఎరుపు కాంతుల్ని. అందుకే నాచు లైట్లన్నీ 450, 660 నానోమీటర్ల దగ్గర వెలిగే ఆ గులాబీరంగులో ఉంటాయి. రాత్రి బీరువా సందుల్లోంచి అది కారుతుంటే ఇంటికొచ్చిన చుట్టాలు అడిగే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ, 6500 కెల్విన్ రకం, తగినంత బలంగా ఉంటే దానికిందా కీటో పెరుగుతుంది. రీఫ్ అన్న మాట అట్ట మీద అచ్చయితే పెరిగేది ముఖ్యంగా ధర. అసలు కావలసింది నాచు పైపొర మీద చదరపు మీటరుకు సెకనుకు 100 నుంచి 200 మైక్రోమోళ్ల కాంతి, రోజుకు 12 నుంచి 16 గంటలు. అంతకన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది వెలుగుకూ తిండికీ ఉన్న లంకె. తిండి లేని నీటిలో లైటు పెంచితే పంట తొందరగా పెరగదు, తొందరగా మాడుతుంది. వాడిన నాచును చూసి ముందు లైటు మార్చేవాళ్లు అందుకే రెండోసారి కూడా నష్టపోతారు.

ఎర్ర నాచుల సంగతి వేరు. గ్రాసిలేరియా, నిప్పులు చిమ్మే రంగులో ఉండే హాలీమీనియా లాంటివాటిలో ఫైకోఎరిథ్రిన్ అనే వర్ణకం ఉంటుంది. పచ్చ నాచులు వదిలేసే ఆకుపచ్చ కాంతిని కూడా ఇవి వాడుకోగలవు. నెమ్మదిగా పెరుగుతాయి, తక్కువ వెలుగుతో సరిపెట్టుకుంటాయి, ఎక్కువైతే రంగు వెలిసిపోతాయి. నైట్రేట్ దించడానికి వీటిని నమ్ముకోకూడదు. ముందు ట్యాంకులో అందానికి పెట్టుకుంటే మాత్రం వీటికి సాటి లేదు, మేసే ట్యాంగ్ చేప లేనంతవరకు. ఉంటే అది ఖరీదైన సలాడ్.

లైటును రాత్రిపూట వెలిగించడంలో ఒక తెలివుంది. పగలు పైన పగడాల కణాల్లోని నాచులు కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటాయి, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అందరూ ఊపిరి వదలడమే, పీహెచ్ పడుతుంది. పైన లైటు ఆరే వేళకు కింద సంపులో వెలిగితే ఆ పతనం కొంత ఆగుతుంది. తలుపులు బిగించి ఏసీ వేసుకునే పడకగదుల్లో ఇది ఇంకా ఉపయోగం. ఆ గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడే ట్యాంకు పీహెచ్‌ను 7.8కి లాగేస్తుంటుంది. అలాంటి చోట ఖరీదైన బఫర్ పొడులు పోసేకంటే కిటికీ కాస్త తెరవడం మేలు. దోమలతో తర్వాత మాట్లాడుకోవచ్చు.

నీటి వేగం మీద ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: రెఫ్యూజియంలోంచి నీరు మెల్లగా పోవాలట, అప్పుడే నాచుకు పీల్చుకునే సమయం దొరుకుతుందట. వినడానికి బాగుంది, జరిగేది తలకిందులు. నాచు ఒంటిని అంటిపెట్టుకుని కదలని పలచని నీటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలోని ఎరువు, కార్బన్ అయిపోతే, బయటి నీటిలో ఎంత ఉన్నా అది ఆ పొరను మెల్లగా దాటి రావాల్సిందే. నీరు వేగంగా కదిలితే ఆ పొర పలచబడుతుంది. ఇప్పుడు తాకిపోయిన నీరు పంపు ఎక్కి తిరిగొచ్చి మళ్లీ తాకుతుంది కనక ఒక్క రాకలోనే అంతా పీల్చేయాల్సిన అవసరం నాచుకు లేదు. రెఫ్యూజియం నీరు గంటకు ఐదు నుంచి పది సార్లు మారేలా ఉంటే బాగుంటుంది. కీటో ముద్ద గిర్రున తిరుగుతూ ఉండాలని కొందరు యంత్రాంగం పెడతారు. తిరగడం వల్ల అన్ని వైపులా వెలుగు పడుతుంది, మురికి చేరదు. వారానికోసారి చేత్తో తిప్పి, ట్యాంకు నీళ్లలోనే జాడించినా అదే ఫలితం, కరెంటు ఖర్చు లేకుండా. కుళాయి నీళ్లలో జాడిస్తే మురికితోపాటు శరణార్థులూ పోతారు.

ఏ రకం పెంచాలన్న ప్రశ్నకు కీటో అనే జవాబు సగం మంది అడగకముందే ఇస్తారు. సమంజసమే. రెండో పేరు కౌలెర్పా. అందమైనది, కీటోకన్నా వేగమైనది, దాని కథ మాత్రం విని తీరాల్సింది.

కౌలెర్పా మొత్తం ఒకే కణం. పరుగుతీగ, దాని మీద ఈకల్లాంటి ఆకులు, కింద నూగు, మీటరు దాటిన పొడవు, అన్నీ కలిపి లెక్కలేనన్ని కేంద్రకాలున్న ఒకే ఒక్క కణం. కత్తెరతో కోస్తే గాయం నుంచి లోపలి రసం కారుతుంది. త్వరలోనే అడ్డుకట్ట వేసుకుంటుంది గానీ, నాలుగు చోట్ల ముక్కలు చేసేకంటే తీగను నెమ్మదిగా లాగి తీయడం మేలు. అసలు ప్రమాదం వేరే. సంతానోత్పత్తి చేయాలని దానికి అనిపించినరోజు, లోపలున్న జీవపదార్థం మొత్తాన్ని బీజకణాలుగా మార్చి నీటిలోకి వదిలేస్తుంది. మిగిలేది గాజులాంటి ఖాళీ తొడుగు. పగడపు దిబ్బల మీద ఇలాంటి పచ్చ నాచులు తెల్లవారకముందే, కొన్ని నిమిషాల్లో, కలిసికట్టుగా ఈ పని చేస్తాయని కెన్నెత్ క్లిఫ్టన్ పనామా తీరంలో చూసి 1997లో ప్రకటించాడు. సముద్రానికి అది చిన్న మబ్బు. 200 లీటర్ల తొట్టికి అది నెలల తరబడి పీల్చుకున్న ఎరువంతా ఒక్క ఉదయంలో తిరిగి రావడం, ప్రాణవాయువు పడిపోవడం, నీరు పచ్చగా మురగడం. లైటు 24 గంటలూ వెలిగిస్తే ఈ ఘట్టం రాదని చాలామంది నమ్ముతారు. నాకు ఆ నమ్మకం మీదకంటే క్రమం తప్పని కోత మీద నమ్మకం ఎక్కువ. ఎప్పుడూ లేతగా ఉండే తోట ఈ వైరాగ్యానికి దూరంగా ఉంటుంది.

దీని రెండో కథ ట్యాంకు బయట నడిచింది. కౌలెర్పా టాక్సిఫోలియా రకంలో అక్వేరియంల కోసం పెంచిన, చల్లదనాన్ని బాగా ఓర్చే ఒక వంశం యూరప్ అక్వేరియంల మధ్య చేతులు మారుతూ వచ్చింది. 1984లో మొనాకో సముద్ర శాస్త్ర మ్యూజియం కిటికీల కింద, మధ్యధరా సముద్రంలో, ఒక చదరపు మీటరు మేర అది కనిపించింది. అలెగ్జాండర్ మెనెజ్ అనే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త దీన్ని పట్టించుకోండని ఏళ్లపాటు మొత్తుకున్నాడు. అది అక్వేరియం నుంచి వచ్చిందా, తనంతట తానే వచ్చిందా అని వాదించుకుంటుండగా అది ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ తీరాలకు పాకి వేల హెక్టార్లు ఆక్రమించింది. జన్యు పరీక్షలు 1998లో అక్వేరియం వంశమేనని తేల్చాయి. 2000లో అదే వంశం అమెరికాలో శాన్ డియాగో దగ్గరి అగ్వా హెడియోండా లగూన్‌లో దొరికింది. అక్కడ మాత్రం వాదన పెట్టుకోలేదు. మొలిచిన ప్రతి మడినీ టార్పాలిన్లతో కప్పి, కిందికి క్లోరిన్ పంపి, 2006లో పూర్తిగా పోయిందని ప్రకటించారు. ఖర్చు దాదాపు 70 లక్షల డాలర్లు. కాలిఫోర్నియా 2001లోనే తొమ్మిది రకాల కౌలెర్పాను ఇంట్లో ఉంచుకోవడాన్ని కూడా నిషేధించింది. అక్కడున్న మన తెలుగువాళ్లు రీఫ్ ట్యాంకు పెట్టేముందు ఇప్పుడు అమల్లో ఉన్న నిషేధం చూసుకోవాలి. స్నేహితుడు ప్రేమగా ఇచ్చిన పిలక కూడా చట్టం ముందు పిలకే.

మన సముద్రానికీ ఇలాంటి అనుభవం ఉంది. ఆహార పరిశ్రమ వాడే క్యారజీనన్ కోసం తమిళనాడు తీరంలో సాగు చేస్తున్న కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు, మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదికి ఎక్కిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. పొలం గట్టు దాటిన పంటే కలుపు.

భారతదేశంలో ట్యాంకు పెట్టేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి ఉన్నాయి. అంటే ఆ చట్టం దృష్టిలో పులితో సమానం. దుకాణంవాడు గొంతు తగ్గించి చూపించే రంగురంగుల కొమ్మకు ఈ హోదా ఉందని చాలామందికి తెలియదు. పగడాల జోలికి పోకుండా నాచులూ చేపలతోనే ముందు ట్యాంకును నింపుకోవడం ఇక్కడ రాజీ కాదు. హాలిమీడా నాణేల దండలు, గ్రాసిలేరియా పొదలు, మధ్యలో ఒక జత క్లౌన్ చేపలు పెట్టి చూడండి. హాలిమీడా ఒంట్లో సున్నం కట్టుకుంటుంది కనక క్యాల్షియం 420 పీపీఎం దగ్గర, ఆల్కలినిటీ 8 డీకేహెచ్ దగ్గర నిలపాలి. మిగతావాటికి ఆ బాదరబందీ అంతగా లేదు.

విశాఖ బీచ్ రాళ్ల మీద అల్వా, కీటోమార్ఫా ఆంటెనినా పచ్చగా పరుచుకుని ఉంటాయి కదా, ఒక గుప్పెడు తెచ్చుకుంటే పోలా అనిపిస్తుంది. అవి అల విరిగేచోట, రోజూ కొంతసేపు నీటి బయట గాలికి ఆరుతూ బతకడం అలవాటైనవి. తొట్టిలోని నెమ్మది వాటికి సరిపడదు, కొద్దిరోజుల్లో మురుగుతాయి. రాతి మీదినుంచి పీకేటప్పుడే పట్టు తెగిపోతుంది, వాటితోపాటు రేవు నీటి మురికీ, ఏదో ఒక ఆకలిగొన్న పీతా ఇంటికొస్తాయి. కొన్న కీటో ముద్దలోనూ బ్రయాప్సిస్ పోగులు, వలోనియా బుడగలు, ఐప్టేసియా పిల్లలు లాంటి చీడలు దాక్కుని ఉండొచ్చు. విడి బక్కెట్టులో వారం పది రోజులు లైటు కింద ఉంచి, పోచలు విడదీసి చూశాకే సంపులో వేయాలి.

ఎండాకాలం గురించి మనవాళ్లకు చెప్పేదేముంది. నీరు 28 డిగ్రీలు దాటితే కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, రాత్రి నాచు కూడా అందులో వాటా అడుగుతుంది. కరెంటు పోయిన రాత్రి, నాచు నిండిన ట్యాంకులోనే చేపలు ముందు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఇన్వర్టరు మీద టీవీ కన్నా ముందు ఎయిర్ పంపు ఉండాలి. నీరు ఆర్‌వోదే కావాలి, అదీ వంటింట్లోది కాదు. తాగే నీటి యంత్రాలు టీడీఎస్‌ను రుచికి సరిపడా మిగిల్చి ఆపేస్తాయి. ట్యాంకుకు డీఐ రెసిన్ కూడా దాటి, మీటరు సున్నా చూపే నీరు కావాలి. మన బోరు నీటి నైట్రేట్‌తో నాచును మేపడం ఉచితమే గానీ, దానితోపాటు ఇంకా ఏమేం వస్తున్నాయో ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఇక కోత. ముద్ద సంపు అరలో మూడొంతులు నిండినప్పుడు మూడోవంతు తీయండి. అంతా ఒకేసారి ఊడ్చేస్తే ఆ వారం ఎరువు అద్దం మీదికి ఎక్కుతుంది. పాలిపోయిన లోపలి భాగం తీసి, ముదురు పచ్చగా ఉన్న బయటి భాగం ఉంచాలి. చాలామంది అందంగా ఉన్నది తీసి పంచుకుని, మిగిలినది ఉంచుకుంటారు. కోసిన గ్రాసిలేరియాను ట్యాంగ్‌లు ఇష్టంగా తింటాయి. పెట్టండి, కాకపోతే అదే ట్యాంకులోని చేపకు పెట్టినదాన్ని ఎగుమతి ఖాతాలో రాయకండి. నైట్రేట్ సంపు నుంచి మేడెక్కింది, గుమ్మం దాటలేదు. మిగిలినది సింకులోకో కాలువలోకో చెరువులోకో కాదు. డాబా మీద పొడిగా ఎండబెట్టి చెత్తబుట్టలో వేయాలి, సముద్రం దగ్గరున్న ఊళ్లలో మరీ ముఖ్యంగా. కుండీల్లో వేద్దామనుకుంటే ముందు మంచినీటిలో రెండుసార్లు ఉప్పు కడగాలి. కరివేపాకు చెట్టుకు రీఫ్ మీద ప్రత్యేక అభిమానమేమీ లేదు.

ఎండబెట్టేముందు నీళ్లు పిండి, వంటింటి కాటా మీద తూచి, తేదీతో సహా రాసుకోండి. టెస్ట్ కిట్ చెప్పే ఏ అంకెకన్నా ముందు ఈ బరువే మాట్లాడుతుంది. వారానికి 80 గ్రాములిచ్చే సంపు 50కి, ఆ తర్వాత 30కి పడితే, నైట్రేట్ అయిపోయిందో, లైటు మీద ఉప్పు పేరుకుందో, పంపు మూతి మూసుకుందో వెతకాలి. చాలాసార్లు లైటు మీద ఉప్పే. తడి గుడ్డతో తుడిస్తే సరి.